మద్దెల ఓడా, బిగింపు ఓడా? గిటారిస్టుల కోసం చేసిన చౌక బ్యాంజోని ఎలా చూడాలి

ఆడలేక మద్దెల ఓడు అంటారు కదా. ఆరు తీగల చౌక బ్యాంజో కొన్న గిటారిస్టు మీద ఈ సామెతను కాస్త జాగ్రత్తగా వాడాలి. ఎందుకంటే ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడు. ఒక్కోసారి మద్దెల బాగానే ఉంటుంది కానీ దాన్ని సరిగ్గా బిగించినవాళ్లు లేరు. ఇంకోసారి మద్దెలా బాగుంటుంది, బిగింపూ బాగుంటుంది, వినే చెవే గిటార్‌కి అలవాటు పడిపోయి ఉంటుంది. చిక్కేమిటంటే బయటికి మూడూ ఒకేలా వినిపిస్తాయి: రేకు డబ్బా మోత, నిలవని శ్రుతి, బురదలో కూరుకుపోయినట్టుండే మందం తీగలు. దాంతో మంచి వాయిద్యాన్ని తిప్పి పంపేసేవాళ్లూ ఉన్నారు, పనికిరానిదాన్ని "బ్యాంజో అంటే ఇంతేనేమో" అని భరించేవాళ్లూ ఉన్నారు. నేను మొదటిది చేయబోయి ఆగాను, రెండోది మాత్రం చేశాను.

మొదటిది కొన్నప్పుడు పెట్టె తెరిస్తే బ్రిడ్జి, అంటే తీగల్ని పైకెత్తి పట్టే చిన్న చెక్క ముక్క, విడిగా కాగితంలో చుట్టి ఉంది. చూడ్డానికి ఎక్కడ బాగుందో అక్కడ నిలబెట్టి, తీగలు బిగించి, ఓపెన్ జి కార్డ్ కొట్టాను, ఫర్వాలేదనిపించింది. ఐదో ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు పట్టీ) దాటాక మాత్రం ఏ కార్డూ శ్రుతిలో లేదు. ఫ్రెట్లే తప్పుగా కొట్టారనుకుని తిప్పి పంపడానికి పెట్టె కూడా మళ్లీ సర్దాను. అసలు సంగతి ఏమిటంటే బ్రిడ్జి ఉండాల్సిన చోటు నుంచి దాదాపు సెంటీమీటరు పక్కన ఉంది. 65 సెంటీమీటర్ల తీగ మీద ఆ ఒక్క సెంటీమీటరు 12వ ఫ్రెట్ దగ్గర సుమారు పావు సెమీటోన్ తేడా తెస్తుంది, అంటే సంగీతం తెలియనివాళ్లు కూడా మొహం చిట్లించేంత. లోపం వాయిద్యంలో లేదు, నాలో ఉంది, ఇంకా సరిగ్గా చెప్పాలంటే గిటార్‌లో బ్రిడ్జి కదలదు అన్న నా అలవాటులో ఉంది.

గిటార్‌కీ బ్యాంజోకీ అసలు తేడా అక్కడే మొదలవుతుంది. గిటార్‌ని జిగురుతో అతికిస్తారు, బ్యాంజోని నట్లు బోల్టులతో బిగిస్తారు. గిటార్ మంచిదో కాదో చాలావరకు ఫ్యాక్టరీలోనే తేలిపోతుంది, కొన్నాక మనం మార్చగలిగేది కొంతే. బ్యాంజో అలా కాదు, ముఖ్యంగా చౌకది. అది సగం బిగించిన సామానులా మన చేతికొస్తుంది, మిగతా సగం పని మనదే. అందుకే చౌక బ్యాంజో నాణ్యత అంటే ఒక్క ప్రశ్న కాదు. దీనిలో మారనిది ఏమిటి, స్పానర్‌తో మారేది ఏమిటి, అసలు మారాల్సిన అవసరమే లేనిది ఏమిటి అని మూడుగా విడదీసి చూడాలి.

ముందుగా ఈ వాయిద్యం ఏమిటో రెండు మాటలు. బ్యాంజిటార్, గిట్జో, గ్యాంజో, గిటార్ బ్యాంజో, ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టారు. మెడ గిటార్‌ది, ఒళ్లు బ్యాంజోది. మందం తీగ నుంచి సన్నం తీగ దాకా ఇ, ఎ, డి, జి, బి, ఇ, అంటే అచ్చంగా గిటార్ శ్రుతే, కాబట్టి తెలిసిన కార్డులన్నీ అలాగే పనిచేస్తాయి. ఐదు తీగల బ్యాంజో వాయించేవాళ్లలో కొందరు దీన్ని పగటివేషం కింద కొట్టిపారేస్తారు, అది అన్యాయం. ఎలక్ట్రిక్ గిటార్ రాని రోజుల్లో ట్రంపెట్ల మధ్య మామూలు గిటార్ వినపడేది కాదు, బ్యాంజో వినపడేది. 1925లో జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం హాట్ ఫైవ్ రికార్డింగులు మొదలైనప్పుడు జానీ సెయింట్ సిర్ వాయించింది ఆరు తీగల బ్యాంజోనే. అంతకు ముందు ఏడాదే పాపా చార్లీ జాక్సన్ దీనితో బ్లూస్ పాటలు రికార్డు చేశాడు. జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ చిన్నప్పుడు చేతికెత్తుకున్నది కూడా గిటార్ బ్యాంజోనే. కాబట్టి వాయిద్యం జాతి మంచిదే, మన చేతికొచ్చిన పిల్ల సంగతే చూడాలి.

మార్చాల్సిన అవసరం లేని లోపాలు

మొదటి ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: మందం తీగలు బాగా మోగడం లేదు. నిజమే, మోగవు. ఆరో తీగ ఇ స్వరం 82 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. బ్యాంజోలో శబ్దం పుట్టించేది సాధారణంగా 11 అంగుళాల వెడల్పుండే పల్చటి పాలిస్టర్ పొర, దాన్నే హెడ్ అంటారు. బాగా లాగి బిగించిన ఆ చిన్న పొర అంత లోతైన స్వరాన్ని గాలిలోకి నెట్టలేదు. మన చెవికి అందేది ఎక్కువగా ఆ స్వరం పైన ఉండే హార్మోనిక్స్ మాత్రమే, అందుకే ఆ తీగ గొంతు రాసుకుపోయినట్టు వినిపిస్తుంది. దీన్ని తగ్గించడానికే కొందరు తయారీదారులు ఆరు తీగల బ్యాంజోకి 12 అంగుళాల హెడ్ పెడతారు. అది కొంత సాయపడుతుంది, అద్భుతమేమీ చేయదు.

రెండోది, స్వరం నిలవకపోవడం. గిటార్ పైపలక రెండున్నర, మూడు మిల్లీమీటర్ల చెక్క, తీగ శక్తిని మెల్లగా ఖర్చు పెడుతుంది. హెడ్ పల్చగా, తేలిగ్గా ఉంటుంది, తీగ ఇచ్చినదంతా ఒక్కసారి ఖర్చు పెట్టేస్తుంది. అందుకే స్వరం గట్టిగా పలికి వెంటనే ఆరిపోతుంది. ఆ చప్పున ఆరిపోయే గుణం కోసమే కదా బ్యాంజో కావాలనుకున్నది! గిటార్ మీద అలవాటైన నెమ్మదైన ఆర్పెజియోలు దీని మీద మధ్యమధ్యలో ఖాళీగా వినిపిస్తే బ్యాంజోని తిట్టుకోకూడదు, వేళ్లు ఇంకొంచెం తొందరపడాలి.

మూడోది, ఒక తీగ మీటితే మిగతా తీగలూ, లోపలి ఇనుప సామానూ కలిసి గింగురుమనడం. ఇది కొంత సహజం, కొంత బిగింపు లోపం. తేడా కనిపెట్టడం తేలిక. అన్ని తీగల్నీ అరచేత్తో ఆపేసి హెడ్ మీద వేలితో కొట్టండి. పొడిగా టక్కుమంటే బాగున్నట్టే, ఏదో గిలగిలలాడిందంటే ఎక్కడో నట్టు వదులుగా ఉంది. సహజమైన గింగురు ఎక్కువనిపిస్తే చాలామంది హెడ్‌కీ లోపలి ఇనుప కడ్డీకీ మధ్య మెత్తటి గుడ్డో స్పాంజో దూరుస్తారు. ఖరీదైన బ్యాంజోల్లో కూడా పాత సాక్సు కనపడితే ఆశ్చర్యపోకండి.

స్పానర్‌తో మారేవి

ఇక్కడ కొంచెం ఓపిక పట్టి చదవండి, ఎందుకంటే చౌక బ్యాంజోల మీద వచ్చే ఫిర్యాదుల్లో పెద్ద భాగం ఈ కోవలోవేనని నా అభిప్రాయం.

అన్నిటికన్నా ముందు హెడ్ బిగింపు. బ్యాంజో ముందు డప్పు, ఆ తర్వాతే తీగవాయిద్యం. డప్పు వదులైతే దాని మీద కట్టిన తీగలు ఏం చేయగలవు? చౌక బ్యాంజోలు చాలావరకు హెడ్ వదులుగానే వస్తాయి. దూరప్రయాణంలో చిరగకుండా ఉంటుందనో, ఫ్యాక్టరీలో ఇరవై, ముప్పై నట్లు జాగ్రత్తగా తిప్పే తీరిక లేకో, కారణం ఏదైనా వచ్చే శబ్దం మాత్రం బొదబొదమంటుంది. చూసే పద్ధతి ఇది: బ్రిడ్జి పక్కన హెడ్ మీద బొటనవేలితో గట్టిగా నొక్కండి, కొంచెం దిగి ఆగాలి, దిండులా కుంగకూడదు. ఇంకా నమ్మకంగా చూడాలంటే ఒక తిన్నని స్కేలు అడ్డంగా, బ్రిడ్జి పక్క నుంచి, హెడ్ మీద పెట్టండి. బ్రిడ్జి అడుగున ఉన్న పల్లంలో స్కేలుకీ హెడ్‌కీ మధ్య ఒక నాణెం ఇరుక్కుని నిలవాలి, జారి పడిపోతే పల్లం ఎక్కువైనట్టు. బిగింపు కొలిచే చిన్న గేజ్‌లు కూడా ఉన్నాయి. డ్రమ్ డయల్ అనే దానిలో 88 నుంచి 91 మధ్య ఎక్కడో ఒకచోట చాలామంది ఆగుతారు. ఆరు తీగల దానికి ఆ శ్రేణిలో కింది వైపే మేలని నాకనిపిస్తుంది, మరీ బిగిస్తే మందం తీగలు అసలే నోరెత్తవు.

బిగించడానికి వెనక రెసొనేటర్ (వెనక వైపు మూసే గిన్నెలాంటి మూత) ఉంటే తీసేయాలి, సాధారణంగా వేళ్లతో తిప్పే నాలుగు స్క్రూలు ఉంటాయి. లోపల హెడ్ చుట్టూ ఒక లోహపు కడియం, దాన్ని కిందికి లాగే కొక్కేలు, కొక్కేల చివర నట్లు కనిపిస్తాయి. ఒక్కో నట్టు పావు చుట్టు కూడా మించకుండా, ఒకటి తిప్పాక దానికి ఎదురుగా ఉన్నది, అలా చక్రానికి నట్లు బిగించినట్టు. కడియం చుట్టూ ఒకే ఎత్తులో ఉందో లేదో మధ్యమధ్యలో చూసుకోవాలి. ఒకేరోజు పూర్తి చేయాలన్న పంతం వద్దు. చౌక కొక్కేల మరలు మెత్తగా ఉంటాయి, బలం చూపిస్తే అరిగిపోతాయి, హెడ్ చిరిగినా చిరగొచ్చు. ఇక కొక్కేల సంఖ్య గురించి: 18, 24, 30 అని ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేస్తారు. చూడ్డానికి ముప్పై బాగుంటాయి, అంతే. సంఖ్యకన్నా అన్నీ సమానంగా లాగుతున్నాయా అన్నదే ముఖ్యం.

ఇప్పుడు కొత్తవాళ్లను బోల్తా కొట్టించే అసలు మెలిక. హెడ్ వదులుగా ఉంటే బ్రిడ్జి కిందికి కుంగుతుంది, బ్రిడ్జి కుంగితే తీగలు ఫ్రెట్‌బోర్డుకి దగ్గరవుతాయి, వాయించడానికి వెన్నలా ఉంటుంది. దుకాణంలో గిటారిస్టు మొదట చూసేది యాక్షనే (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) కదా, "అబ్బ, ఎంత తేలిగ్గా ఉందో" అని కొనేస్తాడు. ఇంటికొచ్చి హెడ్ బిగించగానే బ్రిడ్జి పైకి లేస్తుంది, తీగలూ లేస్తాయి, మెడ కోణం అసలు రంగు బయటపడుతుంది. కాబట్టి వదులు హెడ్ మీద చూసిన యాక్షన్‌ని నమ్మొద్దు. హెడ్ బిగిశాక 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు రెండున్నర, మూడు మిల్లీమీటర్ల మధ్య ఉంటే హాయి. అంతకన్నా బాగా ఎక్కువుంటే ముందు పొట్టి బ్రిడ్జి పెట్టి చూడొచ్చు. ఐదు తీగల బ్యాంజోల్లో మామూలు బ్రిడ్జి ఎత్తు అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులు, అంటే దాదాపు 16 మిల్లీమీటర్లు, అంతకన్నా పొట్టివీ పొడుగువీ దొరుకుతాయి. లోపల మెడ నుంచి టెయిల్‌పీస్ (తీగల కింది చివరలు తగిలించే చోటు) దాకా పోయే ఇనుప కడ్డీ నట్లు తిప్పి యాక్షన్ మార్చొచ్చని చాలామంది చెప్తారు. మారుతుంది, కానీ అది చట్రాన్ని కొంచెం నొక్కి మార్చడమే. ఒక వెంట్రుకవాసి సర్దుబాటుకి సరే, అంతకు మించి తిప్పితే గుండ్రటి చట్రం కోడిగుడ్డు ఆకారంలోకి పోతుంది.

బ్రిడ్జి దగ్గరికి వద్దాం. అది హెడ్ మీద అతికించి ఉండదు, తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది. 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ మీటి, తర్వాత అదే ఫ్రెట్ నొక్కి మీటి, రెండూ ట్యూనర్‌లో చూడండి. నొక్కిన స్వరం ఎక్కువ చూపిస్తే బ్రిడ్జిని టెయిల్‌పీస్ వైపు జరపాలి, తక్కువ చూపిస్తే మెడ వైపు. మందం తీగల వైపు ఇంకొంచెం వెనక్కి ఏటవాలుగా ఉంటుంది, అది సహజం. కుదిరాక అడుగుల దగ్గర పెన్సిల్‌తో సన్నటి గీత గీసుకోండి, తీగలు మార్చేటప్పుడు ఆ గీతే దిక్కు. బ్రిడ్జి అడుగులన్నీ హెడ్‌కి ఆనాలి. కింద కాగితం ముక్క దూరితే అక్కడ శబ్దం కారిపోతున్నట్టే. చౌక బ్యాంజోలతో వచ్చే బ్రిడ్జిలు మొద్దుగా, బరువుగా ఉంటాయి. దాన్ని మార్చడమే తక్కువ ఖర్చులో ఎక్కువ తేడా చూపించే పని, నన్నడిగితే కొత్త బ్యాంజో ఎలా ఉందో తీర్పు చెప్పే ముందే మార్చాలి.

ఒక చిన్న సంగతి. ఇంత చేసినా మూడో తీగ, అంటే జి, పైకెళ్లే కొద్దీ శ్రుతి ఎక్కుతూ ఉంటుంది. సన్నటి తీగల సెట్లలో జి చుట్టు లేని తీగ కావడం, బ్రిడ్జి పైభాగం తిన్నటి గీతలా ఉండటం, రెండూ కలిసి చేసే అల్లరి అది. గిటార్ శాడిల్ మీద తీగ తీగకీ వేర్వేరుగా చెక్కిన చిన్న మెట్లు చూశారా, అలా చెక్కిన కాంపెన్సేటెడ్ బ్రిడ్జి పెట్టినా, చుట్టు ఉన్న జి తీగ వేసినా చాలావరకు కుదురుతుంది.

నట్ (బోల్టు నట్టు కాదు, మెడ పై చివర తీగలు ఆనే గాడుల పట్టీ) దగ్గర గాడులు లోతు చాలకపోతే మొదటి మూడు ఫ్రెట్లలోనే కార్డులు శ్రుతి తప్పుతాయి, ఎఫ్ కార్డ్ పట్టగానే తెలిసిపోతుంది. మూడో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి, మొదటి ఫ్రెట్ మీద ఎంత సందుందో చూడండి, పల్చటి కాగితం పట్టేంత చాలు. శ్రుతి చేసేటప్పుడు టింగ్ మని శబ్దమొస్తే తీగ గాడిలో ఇరుక్కుంటున్నట్టు, పెన్సిల్ పొడి కాస్త రాస్తే జారుతుంది. శ్రుతి నిలవడం లేదని ట్యూనింగ్ కీల మీద పడేవాళ్లంతా ముందు ఇది చూడాలి.

మారనివి

ఇక నిజంగా ఓటి మద్దెల సంగతి. ఇక్కడ చూడాల్సినవి రెండే: చట్రం, మెడ. మిగతావన్నీ డబ్బుతో మారతాయి, ఈ రెండూ మారిస్తే అది వేరే బ్యాంజో.

చట్రం అంటే హెడ్‌ని మోసే గుండ్రటి రిమ్. చౌక వాటిలో రెండు రకాలు ఎక్కువ. ఒకటి అల్యూమినియంతో ఒకే ముక్కగా పోత పోసింది, కొక్కేలు పట్టే అంచు కూడా అందులోనే ఉంటుంది, సీసా మూతలా కనిపిస్తుంది కాబట్టి బాటిల్‌క్యాప్ అంటారు. రెండోది చెక్క పొరలు అతికించి గుండ్రంగా చేసింది. అల్యూమినియం అనగానే మూతి విరవక్కర్లేదు, అది వంకర పోదు, వాతావరణానికి మారదు, శబ్దం మాత్రం పదునుగా, కాస్త గంటలా ఉంటుంది. చెక్కలో గట్టి మేపుల్ పొరలైతే మంచిది, ప్లైవుడ్ లాంటి మెత్తటి చెక్కైతే కొక్కేలు లాగిన చోట మెల్లగా వంగుతుంది. రెసొనేటర్ తీసి లోపలికి చూడకుండా ఏది ఏదో తెలియదు, బయట మెరుపు చూసి మోసపోతే పైన పటారం లోన లొటారం. గోడ మందం చూడండి: పేరున్న పెద్ద బ్యాంజోల్లో చెక్క రిమ్ ముప్పావు అంగుళం దాకా ఉంటుంది, చౌక వాటిలో అందులో సగం ఉన్నా ఉన్నట్టే. అతుకుల దగ్గర పగుళ్లు, కొక్కేలు చట్రానికి పట్టుకునే చోట సందులు ఉంటే అక్కడితో ఆపేయండి.

టోన్ రింగ్ అన్న మాట కూడా ప్రకటనల్లో బాగా నలుగుతుంది. మంచి బ్యాంజోల్లో హెడ్ అడుగున కంచుతో పోత పోసిన బరువైన రింగు ఉంటుంది, అదొక్కటే కిలో పైన తూగుతుంది, అందుకే అవి ఎత్తితే భుజం పట్టేసేలా ఐదు కిలోల దాకా ఉంటాయి. చౌక దానిలో టోన్ రింగ్ అంటే చాలాసార్లు సన్నటి ఇత్తడి కడ్డీ చుట్ట. అది తప్పేం కాదు, కొంచెం మెరుగుపరుస్తుంది కూడా, కానీ పేరు ఒకటైనంత మాత్రాన వస్తువు ఒకటి కాదు.

మెడ విషయంలో గిటారిస్టు కంటికి పదునెక్కువ, తిన్నగా ఉందా, మెలి తిరిగిందా, ఫ్రెట్ల చివరలు గీసుకుంటున్నాయా అన్నవి మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీ) ఉందో లేదో మాత్రం అడగండి. గిటారిస్టు సాధారణంగా చూడనిది మెడ చట్రానికి ఆనే చోటు. అక్కడ మెడ మడమ రిమ్‌కి పూర్తిగా అతుక్కుని ఉండాలి, మధ్యలో వెలుతురు కనపడకూడదు. పరీక్ష ఇలా: శ్రుతి చేసి, చట్రాన్ని ఒడిలో గట్టిగా పట్టుకుని మెడని మెల్లగా నెట్టండి. స్వరం కొంచెం వంగుతుంది, అది ఏ బ్యాంజోలోనైనా జరుగుతుంది, కొందరు దాన్ని అలంకారంగా కూడా వాడతారు. వదిలేశాక మళ్లీ అదే శ్రుతికి తిరిగొచ్చిందా అన్నదే ప్రశ్న. రాకపోతే ముందు లోపలి బోల్టులు బిగించి చూడండి. అప్పటికీ రాకపోతే మడమ కోతే తప్పు.

నేను భరించానని చెప్పిన రెండో బ్యాంజో కథ ఇదే. మెరుపు చూసి ముచ్చటపడ్డాను, మడమ దగ్గర ఒకవైపు విజిటింగ్ కార్డు దూరేంత సందు. ప్రతి పాట తర్వాత శ్రుతి చేసుకుంటూ, కొత్త తీగలు, కొత్త బ్రిడ్జి, కొత్త ట్యూనింగ్ కీలు వేసుకుంటూ పోయాను. చివరికి పైఖర్చులు బ్యాంజో ధరలో సగం దాటాయి, సందు మాత్రం అలాగే ఉంది. పల్చటి చెక్క ముక్క దూర్చి కొన్నాళ్లు నెట్టుకొచ్చాను. ఆ సందు చూసిన రోజే తిప్పి పంపాల్సింది, మొదటిదాన్ని కాదు.

ఫ్రెట్లు సరైన చోట కొట్టారా అన్నది కూడా మారని కోవే. కానీ బ్రిడ్జి సరిగ్గా నిలబెట్టాకే ఆ మాట అనాలి. 12వ ఫ్రెట్ కుదిరాక 5, 7, 9 దగ్గర ట్యూనర్ పెట్టి చూడండి, అక్కడక్కడ విడివిడిగా తప్పుతుంటే ఫ్రెట్ల తప్పు. ఒక్కో తీగ మొత్తంగా తప్పుతుంటే బ్రిడ్జి తప్పు.

కొనేముందు మరికొన్ని. టెయిల్‌పీస్‌కి గిటార్ తీగల బాల్ ఎండ్ (చివర చిన్న పూస) పడుతుందా, లేక లూప్ ఎండే (చివర ఉచ్చు) పడుతుందా చూసుకోండి, లేదంటే తీగలు మార్చే రోజున చికాకు. నట్ వెడల్పు 43 మిల్లీమీటర్లు ఉన్నా బ్రిడ్జి దగ్గర తీగల మధ్య దూరం మీ గిటార్‌కన్నా ఇరుకుగా ఉండొచ్చు, వేళ్లతో మీటేవాళ్లకి అది రోజూ తగులుతుంది, స్కేలుతో కొలవండి. మీ గిటార్ మీద వేసే మందమైన తీగలు దీని మీదికి ఎక్కించొద్దు, 10తో (మొదటి తీగ మందం అంగుళంలో వెయ్యింట పది వంతులు) మొదలయ్యే సన్నం సెట్ చాలు. రెసొనేటర్ లేని తేలికపాటి వాటిలో మెడ బరువెక్కువై ముందుకు వాలుతుంది, పట్టీ వేసుకుని నిలబడి చేతులు వదిలి చూడండి. లోపల పికప్ పెట్టి ఎక్కువ ధర అడిగితే నేనైతే ఆ డబ్బు చట్రం మీద, మెడ మీద పెట్టమంటాను. వీడియోల్లో విన్న శబ్దాన్ని బట్టి మాత్రం కొనకండి, అక్కడ వాయించిన బ్యాంజోని ఎవరో చక్కగా బిగించి ఉంటారు, మీకొచ్చేది పెట్టెలోంచి వస్తుంది.

గిటారిస్టులకు ఒక ఇబ్బందికరమైన నిజం కూడా చెప్పాలి. ఐదు తీగల బ్యాంజో మామూలు శ్రుతిలో నాలుగో, మూడో, రెండో తీగలు డి, జి, బి, అంటే మీ గిటార్‌లో అవే తీగలు. మొదటి తీగ మాత్రం ఇ బదులు డి. అంటే మీకు ఇప్పటికే సగం తెలుసు. అన్నీ బిగించాక కూడా "ఇది బ్యాంజో పాటలా లేదేమిటి" అనిపిస్తే అది నాణ్యత లోపం కాదు, పైన మోగుతూ ఉండే ఆ పొట్టి ఐదో తీగ లేకపోవడం. ఆ తీగ స్వరం గిటార్ మూడో తీగ జి కన్నా సరిగ్గా ఒక ఆక్టేవ్ పైన ఉంటుంది. అందుకే కొందరు నాష్‌విల్ శ్రుతి అంటూ పన్నెండు తీగల గిటార్ సెట్‌లోంచి సన్నటి ఆక్టేవ్ తీగలు తీసి మందం తీగల స్థానంలో వేస్తారు. మూడో తీగ ఆ పై జి అయిపోతుంది, బురద పోతుంది, కార్డులు అవే ఉంటాయి.

నేను అంత దూరం పోలేదు. నా మొదటి బ్యాంజో ఇంకా నా దగ్గరే ఉంది, అదే, తిప్పి పంపబోయి ఆగినది. హెడ్ బిగించి, బ్రిడ్జి మార్చి, లోపల గుడ్డ దూర్చాక కూడా ఆరో తీగ ఒకటి గొణుగుతూనే ఉండేది. పోయిన నెల దాన్ని తీసేశాను. ఇప్పుడు ఐదే తీగలు. ఒకవైపు ఒత్తిడి తగ్గినందుకు బ్రిడ్జిని మళ్లీ కాస్త జరపాల్సి వచ్చింది, పాత పెన్సిల్ గీత పక్కన ఇప్పుడు ఇంకో గీత ఉంది.